మెట్ల కింద ఆగిన మన సమావేశం

ఆడపిల్లల చదువు మీద ఈమధ్య నల్లగొండలో మనం జరుపుకున్న సమావేశం బాగా జరిగిందని అందరం అనుకున్నాం. తీర్మానాలు చేశాం, పాటలు పాడుకున్నాం. కానీ నివేదికలో రాయని ఒక విషయం ఉంది. అది ఇక్కడ రాయకపోతే ఈ పత్రికకు హక్కుల గురించి మాట్లాడే అర్హత ఉండదని నాకనిపిస్తోంది.

ఆ రోజు మన హాలు మేడ మీద. జిల్లా పడమటి వైపు నుంచి ఒక సోదరి చేతికర్రల సాయంతో వచ్చింది. చిన్ననాటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు. కాళ్లు వంగిపోయాయి, మోకాళ్లు సాగవు. మెట్లు ఎక్కలేక, మనం చెప్పులు విడిచిన చోటే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం భోజనాలకు కిందికి దిగేదాకా మాలో ఒక్కరం గమనించలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతే నవ్వి, "మైకుల మీ మాటలు కిందికొచ్చినయక్కా. నేనే పైకి రాలె, గంతే" అంది. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

అన్నం తింటూ ఆమె ఇంకో మాట అడిగింది. కూతురి ఫోనులో ఒక వీడియో చూసిందట. ఆడవాళ్లు చక్రాల కుర్చీల్లో కూర్చుని బంతి ఆడుతున్నారట. "గది మన దిక్కు యాడన్న ఉన్నదా అక్కా? నాకు కాదు, మా ఊళ్లె పిల్ల ఒకతి ఉన్నది" అంది. నాకు జవాబు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా స్త్రీల హక్కుల మీద పనిచేస్తూ, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టనే లేదు.

నల్లగొండ ఫ్లోరైడు కథ మనకు కొత్త కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క సమస్యను దేశానికి వినిపించడానికి నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి వంగిన తన శరీరాన్నే సాక్ష్యంగా చూపుతూ, 2023లో కన్నుమూసేదాకా పోరాడారు. 2016 నుంచి మిషన్ భగీరథ కింద నదీజలాలు ఊళ్లకు వచ్చాయి. నీళ్లు మారాయి. వంగిన ఎముకలు మాత్రం నిటారు కావు.

పాలమూరు వైపు చూస్తే ఇంకో రకం గాయాలు. తరతరాలుగా వలసపోయిన జిల్లా అది. బొంబాయిలో, పుణెలో, హైదరాబాదులో భవనాలు కట్టింది పాలమూరు కూలీలే. ఇటుకలు మోస్తూ పరంజా మీది నుంచి జారిపడి నడుము విరిగిన ఆడమనిషి మేస్త్రీకి పనికిరాదు, తిరిగి ఊరికే వస్తుంది. ఊళ్లో ఆమెకు మిగిలేది మంచం, వస్తే పింఛను. మగవాడికి ఇలా జరిగితే భార్య చాకిరీ చేస్తుంది. ఆడదానికి జరిగితే చాలాచోట్ల భర్త ఇంకో పెళ్లి చేసుకుంటాడు. అంగవైకల్యం ఉన్న ఆడపిల్లనైతే బడి మాన్పించడానికి వేరే కారణమే అక్కర్లేదు. "ఎట్లాగూ పెండ్లి కాదు, చదువెందుకు" అనే మాట మనందరం విన్నదే. అలాంటి పిల్లకు ఆటలు అంటే నవ్వుతారు.

నవ్వేవాళ్లకు చూపించదగ్గ తెలుగు మహిళ ఒకరున్నారు. ప్రతిగుడుపు మాధవీలతది ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతం. నెలల పిల్లగా ఉన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. చదువుకుని బ్యాంకు ఉద్యోగం చేశారు, చెన్నై వెళ్లారు. వెన్నెముక సమస్య ముదిరాక చికిత్స కోసమని నీళ్లలోకి దిగి, ఈత నేర్చుకుని, నలభై ఏళ్ల వయసులో జాతీయ పోటీల్లో పతకాలు గెలిచారు. అక్కడితో ఆగితే అది ఒక స్త్రీ విజయగాథ, మనం ముఖచిత్రం వేసి మరిచిపోయేవాళ్లం. ఆమె ఆగలేదు. ముందు తమిళనాడులో వికలాంగుల ఈతకు సంఘం పెట్టారు. 2014లో భారత వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నిలబెట్టి, దానికి అధ్యక్షురాలయ్యారు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సాయంతో శిక్షణ శిబిరాలు జరిగాయి. 2017లో భారత మహిళా జట్టు ఇండోనేషియాలోని బాలికి వెళ్లి అంతర్జాతీయ పోటీలో ఆడింది. ఇంటి పైనుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న కశ్మీరీ యువతి ఇన్షా బషీర్ ఈ ఆటతోనే మళ్లీ బయటి ప్రపంచంలోకి వచ్చి, జమ్మూ కశ్మీర్ మహిళా జట్టుకు నాయకత్వం వహించింది.

ఈ ఆట గురించి తెలుసుకుంటున్నప్పుడు నన్ను ఆలోచింపజేసిన సంగతులు రెండు. మొదటిది: మామూలు మహిళల బాస్కెట్‌బాల్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 1976లో. చక్రాల కుర్చీలో ఆడే మహిళలకు పారాలింపిక్స్‌లో 1968లోనే చోటు దొరికింది. 'ముందు మామూలు ఆడపిల్లలకు రానివ్వండి, తర్వాత వీళ్ల సంగతి చూద్దాం' అనే మన అలవాటు వాదనకు చరిత్రలో ఆధారం లేదన్నమాట.

రెండోది ఆ ఆట నియమం. మైదానం అదే, బుట్ట ఎత్తు అదే పది అడుగులు. కుర్చీ చక్రాలను రెండుసార్లు తోసిన తర్వాత బంతిని నేలకు కొట్టాలి, లేదా ఇంకొకరికి అందించాలి. ఒక్కొక్క క్రీడాకారిణికి శరీరం ఎంత సహకరిస్తుందో చూసి పాయింట్లు ఇస్తారు. నడుము కూడా నిలవని ఆమెకు 1, తక్కువ వైకల్యం ఉన్న ఆమెకు 4.5. మైదానంలో ఉన్న అయిదుగురి పాయింట్లు కలిపి 14 దాటకూడదు. అంటే బలమైన వాళ్లనే ఏరుకుని జట్టు కట్టడం కుదరదు. అందరికన్నా ఎక్కువ వైకల్యం ఉన్న అమ్మాయికి చోటు ఇవ్వకపోతే జట్టే నిలవదు. ఆమె చోటు ఎవరి దయ మీదా ఆధారపడలేదు, లెక్కలోనే ఉంది.

మన సంఘాల్లో అలాంటి లెక్క ఉందా? కులాన్ని, వర్గాన్ని, మతాన్ని లెక్కలోకి తెచ్చుకోవడానికి మనం ఎంత పోట్లాడుకున్నామో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు నిలదీస్తేనే మనం నేర్చుకున్నాం. వికలాంగ స్త్రీ విషయంలో ఆ నేర్చుకోవడం ఇంకా మొదలు కాలేదు. సర్టిఫికెట్ ఇప్పించడం, పింఛను రాయించడం దగ్గరే మన పని ఆగిపోతోంది. అవి అవసరమే. కానీ ఆమెను ఎప్పుడూ సాయం అందుకునే మనిషిగానే చూశాం. సమావేశం పెట్టే మనిషిగా, జట్టు కట్టే మనిషిగా చూడలేదు. ప్రభుత్వాలు 'దివ్యాంగులు' అని పేరు మార్చాయి. పేరు మారితే మెట్లు తగ్గవు.

చట్టం మాత్రం మనకన్నా ముందుంది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారతదేశం 2007లో ఆమోదించింది. అందులో 6వ అధికరణం ప్రత్యేకంగా వికలాంగ స్త్రీల గురించే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల్లో వారు పాల్గొనేలా చర్యలు తీసుకోవడం ప్రభుత్వ బాధ్యత అని చెబుతోంది. దీన్ని చేతపట్టుకుని జిల్లా అధికారి ముందు నిలబడిన మహిళా సంఘం నాకు తెలిసి మనలో లేదు.

ఫ్లోరోసిస్‌తో మెడ, నడుము బిగుసుకుపోయిన వాళ్లంతా బాస్కెట్‌బాల్ ఆడగలరని నేననడం లేదు. ఎవరు ఏ ఆట ఆడగలరో డాక్టర్లు, శిక్షకులు, అన్నిటికన్నా ముందు ఆ మనిషే చెప్పాలి. ఆట వల్ల దారిద్ర్యం పోతుందనీ అనడం లేదు. కానీ ఇల్లు దాటి, తనలాంటి పదిమందిని కలిసి, చెమట పట్టి, గెలుపో ఓటమో తనదిగా అనుభవించడం కూడా హక్కే. మన భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్లలో శక్తి ముందే ఉంది. లేనిది తాడు, నేర్పే మనిషి. అవి ఎవరో ఒకరు సమకూర్చారు.

అందుకని కొన్ని పనులు మన ముందు పెడుతున్నాను. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో మనం పనిచేసే ఊళ్లలో వైకల్యం ఉన్న ఆడపిల్లలు ఎవరెవరు ఉన్నారో, ఎందరు బడికి పోతున్నారో, ఆటల పీరియడులో వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో వచ్చే సంచికలోగా తెలుసుకుందాం. ఆసుపత్రి కుర్చీతో ఈ ఆట సాగదు. చక్రాలు కిందివైపు వెడల్పుగా వాలి, తిరగబడకుండా నిలిచే కుర్చీలు కావాలి. రెండు జట్లకు కనీసం పది. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ స్టేడియాలలో పదేసి కుర్చీలు, ఆ కుర్చీ పట్టే మరుగుదొడ్డి, వచ్చిపోయే వాహనం ఉండాలని 30వ సెక్షన్ చూపించి అడుగుదాం. మరుగుదొడ్డి లేని చోటికి తల్లిదండ్రులు ఆడపిల్లను పంపరు. కుర్చీలు వచ్చాక అవి గదిలో తాళం వేసి ఉండకుండా చూడటం కూడా మన పనే.

మన ఇంటి పని మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. వచ్చే సమావేశం నేల మీదనే జరుగుతుంది. దాన్ని ఏర్పాటు చేసే బృందంలో ఆ సోదరి ఉండటానికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది: "మా ఊరి పిల్లను గూడ తీస్కొస్త. గా బంతాట సంగతి ఆమెకు మీరే చెప్పాలె."

చెప్పడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అప్పటికి మూడు నెలల సమయముంది.