కనబడని జమ

మొన్న ఆదివారం అమ్మతో, పిల్లలతో శ్రీరంగపట్నం వెళ్ళాం. కావేరి ఒడ్డున తోట మధ్య, 1784 నాటి టిప్పు సుల్తాన్ వేసవి విడిది దరియా దౌలత్. టేకు స్తంభాలు, గోడల నిండా బొమ్మలు. పడమటి గోడమీది 1780 పొల్లిలూరు యుద్ధాన్ని మావాడు వదిలి రానన్నాడు.

బయటికొస్తూ అమ్మ కన్నడ బోర్డు ముందు ఆగింది. నలభై ఏళ్ళుగా బెంగుళూరులో కన్నడం మాట్లాడుతుందే గాని ఎన్నడూ చదవలేదు. "అక్షరాలు మనవాటిలాగే ఉన్నాయే!" అంటూ కూడబలుక్కుని చదివేసింది.

బడిలో కన్నడం చదివే మా అమ్మాయి, "అయితే నానమ్మా, నాకూ తెలుగు వచ్చేస్తుందా?" అంది.

పిల్లలకు తెలుగు చదవడం నేర్పలేదన్న బాకీనే ఇన్నాళ్ళూ లెక్కవేశాను. ఈ జమ చూసుకోలేదు. పులిహోర తిన్నాక, అమ్మ పుల్లతో ఇసుకలో తెలుగులో రాసిన తన పేరును అమ్మాయి తడుముకుంటూ చదివింది.

మీ ఇంటి పద్దు కూడా ఒకసారి చూసుకోండి.