ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి డబ్బుంది.. జనం చదివించుకోవడానికి ఎందుకు లేదు?

మీ సొంతూరి దగ్గర నది మీద ఒక ప్రాజెక్టు వస్తోందనుకోండి. ప్రజాభిప్రాయ సేకరణ ఫలానా తేదీన అని పేపర్లో ప్రకటన పడింది. వందల పేజీల రిపోర్టు కలెక్టరేట్‌లో పెట్టారు. అది ఇంగ్లిష్‌లో ఉంది. గడువు నెల రోజులు. ఎన్ని ఎకరాలు మునుగుతాయి, దిగువ ఊళ్లకు ఎండాకాలంలో నీళ్లు వదులుతారా, చేపల వేట ఏమవుతుంది.. ఇవన్నీ అందులోనే ఉండాలి.

మరి దాన్ని చదివి, లెక్కలు సరిచూసి చెప్పే నిపుణుడికి ఫీజు ఎవరిస్తారు? కూలి పోగొట్టుకుని సభకు వచ్చే మనిషికి బస్సు చార్జీ ఎవరిస్తారు? మన నిబంధనల్లో అలాంటి పద్దే లేదు. కెనడాలో మాత్రం చట్టంలోనే రాసి పెట్టారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు ఇది ఎందుకు ముఖ్యం?

తెలంగాణలో కృష్ణా నది కరెంటుకు ఈ మూడు జిల్లాలే ముఖద్వారం. ఎగువన జూరాల దగ్గర 234 మెగావాట్లు, దానికి దిగువన లోయర్ జూరాలలో 240 మెగావాట్లు, నల్లమలలో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900 మెగావాట్ల సామర్థ్యం ఉంది.

ఆ కరెంటు వెనక ముంపు చరిత్ర కూడా ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని విప్పి, అలంపూర్‌లో తిరిగి కట్టారు. ఊళ్లను మాత్రం అలా తిరిగి కట్టలేదు. అప్పట్లో జనాన్ని అడగాలన్న నిబంధన కూడా లేదు. పర్యావరణ ప్రభావ అంచనా 1994లో తప్పనిసరైంది. ప్రజాభిప్రాయ సేకరణ 1997లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్.

దీని ప్రకారం 25 మెగావాట్లు, అంతకు మించిన జలవిద్యుత్ ప్రాజెక్టులు పర్యావరణ అనుమతి పరిధిలోకి వస్తాయి. పెద్ద సాగునీటి పథకాలదీ ఇదే దారి.

పాలమూరు-రంగారెడ్డిలో ఏం జరిగింది?

ఇది జలవిద్యుత్ ప్రాజెక్టు కాదు, ఎత్తిపోతల పథకం. కానీ చట్టం దృష్టిలో రెండూ ‘నదీలోయ ప్రాజెక్టులే’. నాగర్‌కర్నూల్ జిల్లాలోని నార్లాపూర్, వట్టెం, వనపర్తి జిల్లాలోని ఏదుల రిజర్వాయర్లు ఇందులోవే.

2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ప్రజాభిప్రాయ సేకరణ సభలు 2021 ఆగస్టులో జరిగాయి. అంటే ఆరేళ్ల తర్వాత! పర్యావరణ అనుమతి లేకుండా పనులు చేయొద్దని అదే ఏడాది అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచ్ ఆదేశించింది. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ దగ్గర మొదటి మోటార్ స్విచ్ఛాన్ చేశారు.

కట్టలు లేచాక పెట్టిన సభలో ‘రిజర్వాయర్ ఇక్కడ వద్దు, అక్కడ కట్టండి’ అనడానికి పెద్దగా వీలుండదు. మిగిలేది పరిహారం, పునరావాసం గురించి అడగడమే. సభ ముందే పెట్టినా, చేతిలో లెక్కలు లేనివాళ్ల పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండదు. పర్యావరణ రిపోర్టు గురించి మాట్లాడాల్సిన సభలు ఎకరాకు ఎంతిస్తారన్న దగ్గరే తిరగడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఖర్చు ఎవరు పెడుతున్నారు?

రిపోర్టు తయారీ ఖర్చు ప్రాజెక్టు కట్టేవాళ్లదే. గుర్తింపు పొందిన కన్సల్టెంట్‌ను వాళ్లే పెట్టుకుంటారు, ఫీజు వాళ్లే ఇస్తారు. నీటిపారుదల శాఖో, జెన్‌కోనో కట్టేదైతే అది మన డబ్బే.

సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. రిపోర్టు సారాంశం మాత్రం తెలుగులో ఇవ్వాలి. పూర్తి రిపోర్టును అనువదించాలన్న నిబంధన లేదు.

జనం వైపు నుంచి చదవడం, ప్రశ్నించడం, ప్రయాణం.. అన్నీ సొంత ఖర్చే. అంటే ఒక పక్షం ఇంజినీర్లతో, జీవశాస్త్రవేత్తలతో వస్తుంది. రెండో పక్షం చేతిలో ఉండేది పట్టాదారు పాస్‌బుక్కు.

ఉచిత న్యాయ సహాయం ఉంది కదా?

ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఎస్సీలు, ఎస్టీలు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ను ఇస్తారు. కానీ అది కేసు వేయడానికి, వాదించుకోవడానికి. ప్రజాభిప్రాయ సేకరణ కేసు కాదు. కాబట్టి అనుమతి వచ్చాక ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి సాయం దొరకొచ్చు గానీ, అనుమతి రాకముందు రిపోర్టు చదివించుకోవడానికి కాదు. నిజానికి తప్పు దిద్దడానికి తక్కువ ఖర్చయ్యేది ఈ మొదటి దశలోనే.

కెనడాలో ఎలా ఇస్తారు?

అక్కడ 2019 నాటి ప్రభావ అంచనా చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, ప్రాజెక్టులను సమీక్షించే సంస్థే ప్రజల భాగస్వామ్యానికి నిధులిచ్చే పథకం నడపాలి. స్థానికులు, ఆదివాసీ సమూహాలు, సంఘాలు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రయాణం, నిపుణుల ఫీజు లాంటి ఖర్చులకు డబ్బు వస్తుంది. అంతకుముందున్న చట్టం కింద కూడా ఇలాంటి పథకం ఉండేది.

డబ్బులిస్తే ప్రతి ప్రాజెక్టునూ అడ్డుకుంటారన్న భయం ఉంటుంది. బ్రిటిష్ కొలంబియాలోని 1,100 మెగావాట్ల సైట్-సి జలవిద్యుత్ ప్రాజెక్టు సమీక్షలో పాల్గొన్నవాళ్లకూ నిధులు అందాయి. చెబుతున్న సమయానికే ఆ కరెంటు కావాలని పూర్తిగా రుజువు కాలేదని సమీక్ష ప్యానెల్ 2014లో తేల్చింది. అయినా అదే ఏడాది ప్రభుత్వాలు ఆమోదం తెలిపాయి, డ్యామ్ కట్టారు. నిధులు ప్రాజెక్టును ఆపలేదు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం రికార్డులోకి ఎక్కాయి.

మన దగ్గర సాధ్యమేనా?

సాధ్యమే. ప్రాజెక్టు అంచనా వ్యయంలోనే పర్యావరణ నిర్వహణ ప్రణాళికకు పద్దు ఉంటుంది. ప్రజల తరఫు సమీక్షకూ అలాగే ఒక పద్దు పెట్టొచ్చు. మూడు జాగ్రత్తలు అవసరం.

• డబ్బు ప్రాజెక్టు కట్టేవాళ్ల చేతి నుంచి నేరుగా వెళ్లకూడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాంటి స్వతంత్ర సంస్థ ద్వారా వెళ్లాలి.
• వ్యతిరేకించేవాళ్లకే కాదు, ప్రభావిత గ్రామం ఏదైనా తీర్మానం చేసి అడిగితే ఇవ్వాలి.
• ఎవరికి ఎంత ఇచ్చారో, వాళ్లిచ్చిన నివేదిక ఏంటో అందరికీ కనిపించాలి.

మొదటి ఖర్చు అనువాదానికే పెట్టాలి. 2020లో కొత్త ఈఐఏ ముసాయిదాను షెడ్యూల్డ్ భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. నిబంధనల ముసాయిదాకే అనువాదం అవసరమైతే, ఊరిని ముంచే రిపోర్టుకు అక్కర్లేదా?

ఇప్పటికిప్పుడు మీరు ఏం చేయొచ్చు?

• ప్రకటన కోసం ఆగొద్దు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో ప్రాజెక్టు ప్రతిపాదన చాలా ముందే కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్ల కంటే నగరంలో ఫోన్ చేతిలో ఉన్న మీకే ఇది తేలిక.
• సమాచార హక్కు దరఖాస్తు అప్పుడే పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు, సభ నోటీసు కూడా 30 రోజులే. ప్రకటన చూశాక పెడితే జవాబు సభ అయిపోయాక రావచ్చు.
• సభకు వెళ్లలేకపోతే అభ్యంతరాలను కాలుష్య నియంత్రణ మండలికి రాసి పంపండి. పేజీ నంబర్ వేసి ప్రశ్న అడిగితే దాన్ని దాటవేయడం కష్టం.
• సభ చివర్లో మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి. మీ మాట అందులో ఉందో లేదో విన్నాకే కదలండి.
• అనుమతి వస్తే 30 రోజుల్లో ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా అవకాశం ఉంటుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

ఇవన్నీ చేసినా నిపుణుడి ఫీజు సమస్య అలాగే ఉంటుంది. ఊరంతా చందాలు వేసుకుని ఆ ఖర్చు భరించాల్సి వస్తున్నంతకాలం, ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలుంటారు గానీ అభిప్రాయానికి కావాల్సిన సమాచారం ఉండదు.