పందికొక్కు - బాండికూటు

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో వరిపంటనుగూర్చి ఇంగ్లీషున నొక వ్యాసము వ్రాయించితిమి. కాలువగట్టు ప్రక్క పల్లెనుండి వచ్చు విద్యార్థి యొకడు, చేనిని పాడుచేయు జంతువునకు ఇంగ్లీషు పేరు తోచక, "పందికొక్కు" అనియే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. తోడి బాలురు నవ్విరి. మేమును ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, "ర్యాట్" అని పైన వ్రాసితిమి. బాలుడు తల వంచుకొని కూర్చుండెను.

ఆ రాత్రి వేఱొక పదమునకై నిఘంటువు త్రిప్పుచుండగా "బాండికూట్" అను మాట కంటబడెను. అది తెలుగు "పందికొక్కు" నుండి పుట్టినదని యందు స్పష్టముగా నుండెను. యూలు, బర్నెలు అను పండితులు 1886లో ప్రకటించిన "హాబ్సన్-జాబ్సన్" నిఘంటువును ఇట్లే చెప్పుచున్నది. 1873లో గ్రే అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు ఈ జంతువుల ప్రజాతికి "బాండికోటా" అని శాస్త్రనామము నిచ్చెను. మేము తప్పని కొట్టివేసిన మాట శాస్త్రగ్రంథములలోనికి ఎన్నడో ఎక్కియున్నది!

పేరెంత సార్థకమో చూడుడు. బలిసిన శరీరము, బిరుసు వెండ్రుకలు, తఱిమి పట్టబోయిన పందివలె గుఱ్ఱుమను అరపు. కంకులు కొఱికి కలుగులలో దాచుకొనును. గట్లను తొలిచి నీటికి దారి చేయును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువనీటిపై బ్రతుకు మన సీమలో ఒక కలుగువలన ఎంత నష్టమో రైతులకు చెప్పనక్కఱలేదు. ఈ పేరు పెట్టినవారు పండితులు గారు; గట్టుమీద నిలిచి ఆ జంతువును కన్నులార చూచినవారు.

ఈ మాట ఇంకను దూరము పోయినది. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆస్ట్రేలియాకు పోయిన ఇంగ్లీషువారు, అచట పొడుగు మూతితో నేల త్రవ్వు జంతువును చూచి, దానిని కూడ బాండికూటు అనిరి. అది ఎలుక కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచునది. త్రవ్వునపుడు మన్ను పడకుండ ఆ సంచి నోరు వెనుకకు తిరిగియుండును. పైమొక్క కదలకుండ నేలలోని బంగాళాదుంపలను త్రవ్వి తీయుటకును అచట ఈ మాటనే క్రియగా వాడుదురు. అట్లు పలుకువారిలో ఎందఱికి ఇది తెలుగుమాట యని తెలియును?

ఇంగ్లీషువారు గైకొనిరి గనుక మన మాట గొప్పదని మేము చెప్పుట లేదు. అది వట్టి డంబము. రైతునోట నున్ననాడే దానికి ఆ విలువ యున్నది. పరీక్షలో ఇంగ్లీషు మాటను ఇంగ్లీషు వర్ణక్రమముననే వ్రాయవలెను. అది నేర్పుట మా విధి. కాని దిద్దుట వేఱు, సిగ్గుపఱచుట వేఱు. ఇంటిమాటకు సిగ్గుపడిన బాలుడు ఆ మాటతోబాటు దానిని నేర్పిన తల్లిదండ్రుల యెఱుకను గూడ చిన్నచూపు చూడ నేర్చుకొనును. ఆ నష్టమును ఏ పరీక్షలోని మార్కులును పూడ్చలేవు. కావున ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరా కలమెత్తుటకు ముందు, "మీ యింట దీని నేమందురు?" అని అడుగుట మేలు. తల్లిదండ్రులును తమకు చదువు లేదని సంకోచింపక, చేని మాటలను, పడవ మాటలను, వంటయింటి మాటలను పిల్లలకు చెప్పవలెను.

మఱునాడు తరగతిలో మా పొరపాటును ఒప్పుకొంటిమి. ఆ రెండు మాటలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయుమని ఆ బాలునికే సుద్దముక్క నిచ్చితిమి. ఈసారి ఎవరును నవ్వలేదు.