పేరు ఒట్టి చీటీ కాదు

మనుషుల పేర్లకు, ఊళ్ల పేర్లకు అర్థమంటూ ఉండదని, అవి వస్తువులకు అంటించిన చీటీలేనని భాషా తత్వశాస్త్రంలో చాలామంది ఇప్పుడు తేలిపోయిన విషయంలా చెబుతారు. 1843లో జాన్ స్టువర్ట్ మిల్ అన్న మాటే ఇది. 1970లో ప్రిన్స్‌టన్‌లో సాల్ క్రిప్కీ చేసిన ఉపన్యాసాలతో దానికి మళ్లీ ఊపిరి వచ్చింది. పదం సూచించే వస్తువు వేరు, ఆ వస్తువు మన ఎదుటికి వచ్చే తీరు వేరు అని 1892లో గొట్లోబ్ ఫ్రేగె చూపాడు. ఆ తీరునే ఆయన అర్థమన్నాడు. పేర్ల విషయంలో ఆ తేడా అక్కర్లేదనడం తప్పు.

వేగుచుక్క, సాయంత్రపు చుక్క రెండూ శుక్రగ్రహమేనన్న ఫ్రేగె ఉదాహరణ అందరికీ తెలిసిందే. అంతకన్నా గట్టి సాక్ష్యం వల్కన్.

యురేనస్ నడకలోని తేడాను బట్టి కనబడని గ్రహం ఎక్కడుండాలో ఫ్రెంచి ఖగోళవేత్త లెవెర్యే లెక్కగట్టాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో, ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యలోనూ లెక్కకు అందని జరుగుడు ఉండటంతో, సూర్యుడికి ఇంకా దగ్గరలో మరో గ్రహం ఉండాలన్నాడు. దాని పేరే వల్కన్. 1859లో సూర్యబింబం మీదుగా ఒక నల్లచుక్క పోవడం చూశానని ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి వైద్యుడు చెప్పాడు. 1878 గ్రహణంలో దాన్ని చూశామని అమెరికాలో ఇద్దరు ప్రకటించారు. 1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం బుధుడి లెక్కను ఏ కొత్త గ్రహమూ అవసరం లేకుండానే సరిచేసింది. వల్కన్ ఏనాడూ లేదు.

అంటించడానికి వస్తువే లేనప్పుడు చీటీవాదం ప్రకారం ఆ పేరుకు అర్థం సున్న. మరి అన్నేళ్లు టెలిస్కోపులు పట్టుకుని వాళ్లు వెతికిందేమిటి? ఎటు చూడాలో, ఎప్పుడు చూడాలో వాళ్లకు తెలుసు. 'వల్కన్ లేదు' అన్న వాక్యం మనకు అర్థమవుతోంది, పైగా అది నిజం. అర్థంలేని పదంతో నిజమైన వాక్యం ఎలా పుడుతుంది? వాక్యం నిజమో కాదో టెలిస్కోపు తేల్చవచ్చు. దానికి అర్థముందో లేదో తేల్చడం టెలిస్కోపు పని కాదు.

క్రిప్కీ వాదనలో బలం లేకపోలేదు. అలెగ్జాండర్‌కు చదువు చెప్పకపోయినా అరిస్టాటిల్ అరిస్టాటిలే అయ్యేవాడు కాబట్టి 'అలెగ్జాండర్ గురువు' అన్న వర్ణన ఆ పేరుకు అర్థం కాలేదు. ఒప్పుకోవలసిందే. అయితే ఆ దెబ్బ తగిలింది ఫ్రేగె పాదసూచికలో ఇచ్చిన ఉదాహరణకే. పేరు అర్థం ఒక వర్ణనలో ఇమడదని తేలినంత మాత్రాన అసలు అర్థమే లేదని ఎలా తేలుతుంది?

వల్కన్ లాంటివి పేర్ల వేషంలోని వర్ణనలని, వస్తువున్న పేర్లే చీటీలని కొందరు తప్పించుకోజూస్తారు. 1878లో ఆ గ్రహం నిజంగా కనబడి ఉంటే అదే పేరు చీటీ అయ్యేదా? ఉన్నా లేకపోయినా, అంతకుముందు రోజు దాన్ని పలికినవారు, విన్నవారు గ్రహించినది ఒక్కటే.