కాందిశీకుల ఓడలలో చిల్లర దుష్టులు

మన ఆలంకారికులు నాయకుని గురించి, ప్రతినాయకుని గురించి విపులంగానే చర్చించారు. ధీరోదాత్తుడెవరో, ధీరోద్ధతుడెవరో విద్యార్థులు నేటికీ వల్లె వేస్తూనే ఉన్నారు. కాని దుర్యోధనుని అసూయకూ పాండవుల ప్రాణాలకూ నడుమ నిలిచి లక్క ఇంటిని కట్టించిన పురోచనుని గురించి పరీక్షలలో ప్రశ్న రాదు. దాస్తానె అమీర్ హమ్జా చదివిన మన ఉర్దూ విద్యార్థులకు నౌషేర్వాన్ కొలువులోని బఖ్తక్ పరిచితుడే. అతడు కత్తి పట్టడు, చెవిలో మాట ఊదుతాడు. ఇట్టి పాత్రలను కథకుడు ఎట్లా తీర్చినాడన్నది చూస్తే, లోకంలోని చెడుగును గురించి అతనికెంత తెలుసునో చాలవరకు బోధపడుతుంది.

ఈ దృష్టితో పరిశీలింపదగిన కథ ఒకటి అమెరికా టెలివిజన్‌లో ఉంది. దాని పేరు బాటిల్‌స్టార్ గెలాక్టికా. అంతరిక్ష కథలనగానే బాలుర కాలక్షేపమని పెదవి విరిచే విజ్ఞులు కాస్త ఓపిక పట్టవలెనని మనవి. పన్నెండు గ్రహాలలో వర్ధిల్లిన మానవజాతిని సైలన్లనే యంత్రజీవులు హఠాత్తుగా దాడి చేసి తుడిచిపెట్టగా, చావగా మిగిలినవారు దొరికిన ఓడలలో ఎక్కి, ఒక యుద్ధనౌక అండన, భూమి అనే గ్రహాన్ని వెదకుకుంటూ పోవడమే ఇతివృత్తం. గ్లెన్ లార్సన్ 1978లో దీనిని మొదట నిర్మించాడు. అది ఒక్క సంవత్సరమైనా నిండకుండానే 1979లో ఆగిపోయింది. రోనాల్డ్ మూర్ 2003లో దానికి కొత్త రూపమివ్వగా 2009 వరకు నడిచింది. ఈ రెండవ కథలో అధ్యక్షురాలు లారా రోజ్లిన్ తన గదిలోని పలక మీద బ్రతికి ఉన్నవారి సంఖ్యను రాసుకుంటుంది. తొలి భాగం ముగిసేసరికి అది 47,973. అందులో ఆ రోజే పుట్టిన ఒక శిశువు కూడా ఉంది.

సంఖ్య అంత చిన్నదైనప్పుడు దుర్మార్గం స్వరూపమే మారిపోతుంది. గ్రహాలను కాల్చిన సైలన్ ఒక ఎత్తు, పక్క ఓడలో మందు సీసాను దాచిపెట్టినవాడు ఒక ఎత్తు. రెండవవాడే నాకు ఎక్కువ భయం కలిగిస్తాడు.

1978 నాటి కథలో ఇట్టివాడు సైర్ యూరి. ఇతర ఓడలలో పిల్లలు ఆకలికి అలమటిస్తుంటే, ఈ సభాసదుడు విలాసనౌకలో విందు చేసుకుంటూ ఉంటాడు. అపోలో అనే యువసైనికుడు ఆ గదిలో ప్రవేశించి ఆహారాన్ని స్వాధీనం చేసుకుంటాడు. రే మిలాండ్ వంటి పేరుపొందిన నటుడు ఈ పాత్రను ధరించినా, ఇది మన పద్యనాటకాలలోని లోభిశెట్టి వేషం వంటిదే. తెర లేవగానే వాడెవడో మనకు తెలిసిపోతుంది. చూసినవాడు తిట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు.

మూర్ కథ అట్టి హాయిని ఇవ్వదు, కనీసం అన్నివేళలా ఇవ్వదు. నల్లబజారు నాయకుడు ఫెలన్ సంగతే చూడండి. వాడు మందులను బిగబట్టి అమ్ముతాడు. పసిపిల్లలను సైతం సరకు చేస్తాడు. అడామా కుమారుడు లీ వాడిని తుపాకితో కాల్చి చంపుతాడు కాని బజారును మూయించడు. హత్యలు చేయరాదు, అవసరమైన మందులు ఆపరాదు, పిల్లల జోలికి పోరాదు అని మూడు హద్దులు గీసి వెనుదిరుగుతాడు. ఈ భాగం పట్ల మూర్ స్వయంగా అసంతృప్తి వెలిబుచ్చాడు. కథనం కుంటుపడిన మాట నిజమే. అయినా ఆ మూడు హద్దులలో పాలన గురించిన ఒక చేదు తెలివి ఉన్నదని నా అభిప్రాయం.

పెగసస్ నౌకాధిపతి హెలెనా కెయిన్ గురించి ఎందరో రాశారు. తనకెదురైన పౌరనౌకల నుండి యంత్రాలనూ పనికివచ్చే మనుషులనూ లాక్కుని, ఎదిరించినవారి కుటుంబాలను కాల్పించి, మిగిలినవారిని శూన్యంలో విడిచిపోయిన మనిషి ఆమె. అయితే ఆమెది పెద్ద పాత్ర. ఆమెను ఇంతటితో వదలి, ఎవరూ అంతగా తలచుకోని ఒక వైద్యుని దగ్గరకు వస్తాను.

2007లో వచ్చిన ఒక భాగంలో డాక్టర్ మైకేల్ రాబర్ట్ కనిపిస్తాడు. గెలాక్టికా అడుగుభాగాన కిక్కిరిసిన శిబిరంలో కాందిశీకులు అంటురోగంతో పడి ఉంటారు. వారిలో సాజిటారన్ గ్రహవాసులు అధికులు. పన్నెండు గ్రహాలలో ఆ గ్రహం అణగారినది. వారిలో అనేకులు మతవిశ్వాసం చేత ఆధునిక వైద్యాన్ని నిరాకరిస్తారు. కనుక వారంటే తక్కినవారికి చులకన. ఈ వైద్యుడు అందరికీ మంచివాడు, ఉపాధిపతి టైకి పాతమిత్రుడు. సాజిటారన్ రోగులు మాత్రం అతని చేతిలో చనిపోతూ ఉంటారు. ఒక తల్లి తన కొడుకును డాక్టరే చంపాడని మొరపెట్టుకుంటే శిబిరాన్ని చూసుకునే హీలో తప్ప వినేవాడు లేడు. మొండి మనుషులు, మందు వద్దన్నారు, చచ్చారు అని అందరికీ సులభమైన సమాధానం సిద్ధంగా ఉంది. చివరకు ఓడలోని పెద్ద డాక్టరు కాటిల్ శవాన్ని నిజంగా పరీక్షించినప్పుడే విషప్రయోగం బయటపడుతుంది. అంతకుముందు పరీక్ష జరిపానని అతడు చెప్పినది అబద్ధం!

ఈ కథలో నన్ను కలవరపెట్టినది విషం కాదు, ఆ అబద్ధం. రాబర్ట్ హంతకుడు, అతనికి శిక్ష పడుతుంది. కాటిల్ సహృదయుడు, రేయింబవళ్ళు రోగులకు సేవ చేసేవాడు. అట్టివాడు కూడా ఒక సాజిటారన్ శవం కోసం శ్రమపడడం దండగనుకున్నాడు. కథకుడు ఈ విషయాన్ని పట్టుకున్నాడు కాని, ఒకటి రెండు మాటలతో దాటవేసి, నేరమంతా ఒక్క దుష్టుని నెత్తిన రుద్ది ముగించాడు. దుష్టుని పట్టుకోగానే ఓడ పవిత్రమైపోయినట్టు మనకు తోస్తుంది. ఇది సైర్ యూరి కాలపు పద్ధతే.

దీనికంటే నిజాయితీగా తీర్చినది జామర్ పాత్ర. ఓడలో మామూలు పనివాడు. నూతన కాప్రికా మీద సైలన్ల ఏలుబడి వచ్చినప్పుడు, యంత్రాల కంటె మనవాళ్ళే కాపలా కాయడం మేలన్న తలంపుతో వారి పోలీసులలో చేరి, క్రమక్రమంగా ఊబిలో దిగబడతాడు. చంపడానికి తీసుకుపోతున్న వారిలో నుండి, తన పై అధికారి భార్య కాలీని రహస్యంగా తప్పిస్తాడు కూడా. విముక్తి తరువాత ఆరుగురు ఒక చీకటి గదిలో విచారించి అతనిని శూన్యంలోకి తోసివేస్తారు. ఆ ఆరుగురిలో కాలీ భర్త ఒకడు. జామర్ దుష్టుడా? న్యాయమూర్తులు దుష్టులా? కథ తీర్పు చెప్పదు, అదే దాని గొప్పతనం. 2009 మార్చిలో ఐక్యరాజ్య సమితి కార్యాలయంలో ఈ ధారావాహిక మీద ప్రత్యేక గోష్ఠి జరిగిందంటే, ఇట్టి ఘట్టాల బలమే అందుకు కారణమై ఉండాలి.

ఆ చీకటి విచారణకు రహస్యంగా అనుమతినిచ్చినవాడు టామ్ జారెక్. ఇతడూ సాజిటారన్ వాడే. ప్రభుత్వ భవనాన్ని పేల్చిన నేరానికి ఇరవై ఏళ్ళు చెరలో ఉన్నవాడు. 1978లో అపోలోగా యూరి విందును భగ్నం చేసిన రిచర్డ్ హాచ్ ఈ పాత్రను ధరించడం ఒక చిత్రం. జారెక్ వేసే ప్రశ్నలు ఒక్కటీ కొట్టివేయదగినవి కావు. వారసత్వక్రమంలో 43వ స్థానంలో ఉన్న విద్యామంత్రిణి అధ్యక్షురాలైతే ఎన్నికలెప్పుడు? శత్రువుతో పొత్తు పెట్టుకుంటూ ఓడలలోని ప్రజలను అడిగారా? వీటికి అడామా వద్ద గాని రోజ్లిన్ వద్ద గాని సరియైన జవాబు లేదు. అందుచేత కథకులు ఏమి చేశారు? తిరుగుబాటు నాడు ప్రతినిధిసభ తనను కాదనగానే, సభ్యులందరినీ జారెక్ చేత కాల్పించారు. ఇక అతని ప్రశ్నలు వినవలసిన పని ప్రేక్షకునికి లేకుండాపోయింది. పాత్రపోషణలో ఇది అన్యాయమని నేను భావిస్తున్నాను. జవాబు చెప్పలేని ప్రశ్న వేసినవాడిని హంతకుణ్ణి చేయడం రచయితకు మిక్కిలి తేలిక.

జారెక్‌ను కాల్చివేసిన పిమ్మట కొత్త ప్రతినిధిసభను గ్రహాలవారీగా కాక ఓడలవారీగా ఏర్పరచాలని లీ సూచిస్తాడు. పాత గ్రహభేదాలు మరచిపోవాలన్నది సదుద్దేశమే. ఆ శిబిరంలోని సాజిటారన్ తల్లి ఏ ఓడ లెక్కలోకి వచ్చిందో, ఆమె తరఫున ఎవరు మాట్లాడారో కథ చెప్పదు.