మెలకువలోనా, మత్తులోనా? రోగిని అడగండి

పార్కిన్సన్స్ రోగులకు, వారి ఇంటివారికి, డీబీఎస్ చేసే ఆసుపత్రులకు విజ్ఞప్తి

లెవోడోపా మాత్ర వేసుకుంటే ఒళ్లు మెలికలు తిరిగి, దాని పని అయిపోగానే బిగుసుకుపోయే దశలో డాక్టర్లు చెప్పే దారి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్). మెదడు లోతుల్లో సన్నని తీగలు అమర్చి, ఛాతీ చర్మం కింద పెట్టిన బ్యాటరీతో కరెంటు అందిస్తారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబీద్ బృందం దీనికి బాట వేసింది. జబ్బు నయం కాదు, లక్షణాలు తగ్గుతాయి.

ఈ ఆపరేషన్‌ను రోగి మెలకువగా ఉండగా చేయవచ్చు, పూర్తి మత్తులోనూ చేయవచ్చు. మెలకువ పద్ధతిలో ముందు రాత్రి నుంచే మందులు ఆపేస్తారు. తెల్లారేసరికి కాళ్లూ చేతులూ కొయ్యబారతాయి. తలకు చట్రం బిగించి, తలమీది చర్మానికి మాత్రమే మత్తిచ్చి, గంటల తరబడి కదలకుండా పడుకోబెడతారు. మెదడుకు నొప్పి తెలియదు, నిజమే. మనిషికి భయం తెలుస్తుంది. ఇలా చేయడానికి కారణం లేకపోలేదు. తీగలో కరెంటు పెట్టి, చెయ్యి ఆడించమంటారు, మాట్లాడమంటారు. వణుకు తగ్గిందా, మాట ముద్దవుతోందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది.

ఎమ్మారై, సీటీ చిత్రాలు స్పష్టమయ్యాక పూర్తి మత్తులోనూ గురి తప్పకుండా తీగ దించగలుగుతున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 110 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. ఆలోచనా శక్తి, మనఃస్థితి, ప్రవర్తనలపై చెడు ప్రభావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కదలికలు మెరుగుపడడంలోనూ అంతే. మత్తులో చేసిన ఆపరేషన్ సగటున 26 నిమిషాలు ముందే ముగిసింది.

అందరికీ మత్తే ఇవ్వమని మేం అనడం లేదు. పెద్దవయసులో మత్తుకు దాని ప్రమాదాలు దానికున్నాయి. (మెలకువ పద్ధతిలోనూ బ్యాటరీ అమర్చేది సాధారణంగా పూర్తి మత్తులోనే. ఈ సంగతి ముందే చెప్పాలి.) సర్జన్‌కు చెయ్యి తిరిగిన పద్ధతికీ విలువుంది. ఫలితం దాదాపు ఒకటే అయినప్పుడు, ఆ గంటలు భరించాల్సిన మనిషికి మాట చెల్లాలి కదా!

అందుకే మేం కోరుతున్నాం: ప్రతి ఆసుపత్రీ రెండు పద్ధతులనూ తెలుగులో, రాతపూర్వకంగా వివరించాలి. తమ దగ్గర ఏది ఎన్నిసార్లు చేశారో, ఫలితాలేమిటో చెప్పాలి. ఒకటే చేస్తుంటే కారణం చెప్పి, రెండోది ఎక్కడ దొరుకుతుందో చూపాలి. మెలకువలో చేస్తే, రోగి మాట్లాడే తెలుగు తెలిసిన మనిషి ఆపరేషన్ గదిలో ఉండాలి. శ్రీకాకుళం పెద్దాయనను ఇంగ్లీషులో నెలల పేర్లు చెప్పమంటే, ఆ తడబాటు కరెంటుదో, భాషదో ఎవరు తేలుస్తారు? రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దీన్ని నిబంధనగా తేవాలి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ కరపత్రం డాక్టరుగారికి చూపించి, అడగండి.