సంచిలో పడని కానుక

దశమ భాగం, కృతజ్ఞత కానుక, మందిర నిర్మాణ నిధి, గోడకు బిగించిన పాలరాతి పలక మీద దాతల పేర్లు: మన సంఘాల్లో ఔదార్యం ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతోంది. కానుకల సంచి దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీగా ఉన్నవాడు తల దించుకోవాల్సి వస్తోంది. సువార్తల్లో లెక్క వేరు. యేసు చెప్పిన కథలో, దారిలో దొంగలు కొట్టి పడేసినవాడి కోసం మంచి సమరయుడు సత్రం యజమానికి ఇచ్చింది రెండు దేనారాలు, అంటే అప్పటి రెండు రోజుల కూలి. అదీ మర్నాడు. అంతకుముందే అతను ఆగాడు, గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించుకుని సత్రానికి తెచ్చాడు. అదే దారిన ముందుగా వెళ్లిన యాజకుడికీ లేవీయుడికీ లేనిది డబ్బు కాదు, ఆగే మనసు. మత్తయి 25లో యేసు లెక్కపెట్టిన ఆరు పనుల్లో కూడా చివరి రెండూ, రోగిని చూడడం, చెరసాలలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లడం, కాళ్లతో చేసే పనులే.

సమరయుడి పేరు మన చట్టంలోకీ ఎక్కింది. రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడేవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ‘మంచి సమరయుల’ రక్షణకు 134ఎ సెక్షన్‌ను చేర్చింది. పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న పాత సాకు ఇక చెల్లదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. పడి ఉన్నవాడికి ముందుగా కావాల్సింది ఫోన్‌లో వీడియో తీసేవాడు కాదు, 108కి కొట్టి, అంబులెన్సు వచ్చేదాకా జనాన్ని పక్కకు తప్పించేవాడు. ఆ కాల్‌కు పైసా పడదు. రక్తదానమూ అంతే. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఇక సర్కారు ఆసుపత్రి ఓపీ దగ్గర చూడండి: చీటీ చేతిలో పట్టుకుని, ఏ గదికి వెళ్లాలో చదువుకోలేక, నాలుగు తలుపుల దగ్గర కసురుడు తిని, చివరికి మెట్ల మీద కూలబడే ముసలమ్మ ఉంటుంది. ఆమెను ఎక్స్‌రే గదిదాకా తీసుకెళ్లి మళ్లీ డాక్టరు ముందు కూర్చోబెట్టడానికి ఒక పూట పడుతుంది. వంద రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోవడం దానికంటే చాలా సులువు. బహుశా అందుకే మనకు డబ్బిచ్చే ఔదార్యమే ముద్దు.

ఆకలితో ఉన్నవాడికి పరామర్శ కడుపు నింపుతుందా అని అడగొచ్చు. నింపదు. తిండీ బట్టా లేనివారికి చల్లని మాటలు చెప్పి పంపేయడాన్ని యాకోబు పత్రిక సూటిగానే తప్పుపట్టింది. నేను చెప్పేది మాటల గురించి కాదు, ఒంటినీ పూటనూ ఇవ్వడం గురించి. డబ్బున్నవాడు ఇది చేసి డబ్బు సాయం ఎగ్గొట్టొచ్చని కూడా కాదు. సమరయుడు రెండూ ఇచ్చాడు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. రోజు కూలీకి పూట అంటే కూలి డబ్బే. అతన్ని సమయం ఇమ్మనడమంటే డబ్బు ఇమ్మనడమే. పైగా మందిరం ఊడ్చేది, ప్రేమ విందుకు వండేది, ఆ తర్వాత అండాలు తోమేది ఎక్కువగా ఆడవాళ్లే. పైసా లేని సేవ ఇంకా చేయమని వాళ్లకు బోధిస్తే అది బరువు మీద బరువు. కాబట్టి ఈ పిలుపు ముందు అందాల్సింది నెల జీతం, ఆదివారం సెలవు ఉన్న మగవాళ్లకు. ఆసుపత్రి చీటీలు చదివిపెట్టే పని వంతులవారీగా వాళ్లకు వేయొచ్చు. అండాలు తోమే వంతు కూడా.